ఎండాకాలం సెంట్లు: నిమ్మ, నారింజ, సముద్రపు గాలి మీద మీ ప్రశ్నలు

ఎండలు ముదిరాయి, మీ ఉత్తరాల్లో సగం సెంట్ల మీదే. అందులోనూ ఎక్కువమంది అడిగేది ఒకే రకం గురించి. నిమ్మ, నారింజ వాసనతో మొదలై కాసేపటికి సముద్రం మీంచి గాలి తగిలినట్టు చల్లగా అనిపించేవి ఉంటాయే, షాపుల్లో ఫ్రెష్ అనీ ఆక్వాటిక్ అనీ మెరైన్ అనీ పేర్లు పెట్టి అమ్ముతారే, అవి. నాకు చాలా ఇష్టమైన రకం కూడా. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: మేడమ్, మా తమ్ముడు దుబాయ్ నుంచి వస్తూ ఖరీదైన పెర్ఫ్యూమ్ తెచ్చాడు. కొట్టుకోగానే నిమ్మతొక్క గిల్లినట్టు ఎంత బాగుంటుందో చెప్పలేను. ఆఫీసుకు చేరేసరికి మాత్రం ఏమీ మిగలదు. నకిలీదేమో అని అనుమానం. వాడినేమో అడగలేను. ఏం చేయాలి?
(విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: తమ్ముణ్ని అడగకండి, పాపం. మీరు చెప్పిన లక్షణం నకిలీదానిది కాదు, నిమ్మది.

నిమ్మ, నారింజ, బత్తాయి తొక్కల్లో ఉండే నూనెలో పెద్ద వాటా లిమోనిన్ అనే పదార్థానిది. నారింజ తొక్క నూనెలోనైతే 90 శాతానికి పైగా అదే. చాలా చిన్న, తేలికైన అణువు కాబట్టి ఒంటి వేడి తగిలితే చాలు, ఆవిరై లేచిపోతుంది. మీ ముక్కుకు అంత చురుగ్గా, అంత వెంటనే తెలియడానికి కారణం కూడా అదే. గాల్లోకి లేవని వాసన ముక్కుదాకా రాదు కదా. గంధం నూనె, వట్టివేళ్ల నూనె లాంటి వాటిలో అణువులు బరువైనవి, అవి నెమ్మదిగా లేస్తాయి, గంటలకొద్దీ ఉంటాయి. పెర్ఫ్యూమ్ తయారుచేసేవాళ్లు ఈ తేడాను బట్టే పైన నిమ్మజాతిని, మధ్యలో పూలను, అడుగున చెక్క, కస్తూరి లాంటి వాసనలను పేరుస్తారు. టాప్ నోట్, బేస్ నోట్ అనే మాటలు మీరు వినే ఉంటారు. టాప్ నోట్ ఆయుష్షు మామూలుగానే పావుగంట నుంచి అరగంట, మహా అయితే గంట. మే నెలలో విశాఖ ఉక్కపోతలో, చెమట పట్టిన మెడ మీద, అది ఇంకా తగ్గుతుంది. ఎంత డబ్బు పోసినా నిమ్మ వాసన నిమ్మ వాసనలాగే సాయంత్రం దాకా ఉండదు. అలా ఉంటుందని ఎవరైనా అమ్మితే అక్కడ ఉన్నది నిమ్మ నూనె కాదు, నిమ్మను గుర్తుచేసే వేరే పదార్థం.

ఇంకో సంగతి. మీకు తెలియకపోవడం వేరు, వాసన లేకపోవడం వేరు. ఒకే వాసన ముక్కు దగ్గర కదలకుండా ఉంటే మెదడు దాన్ని కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. అందుకే మన ఇంటి వాసన మనకు తెలియదు, చుట్టాలకు తెలుస్తుంది. రేపు కొట్టుకున్న రెండు గంటల తర్వాత పక్క సీట్లో ఆవిడను అడగండి. లేదా ఒక చేతిరుమాలు మీద కొట్టి సంచిలో పెట్టుకుని, మధ్యాహ్నం బయటికి వెళ్లి వచ్చాక తీసి చూడండి. నిమ్మ పోయినా దాని కింద ఉన్న చెక్క వాసన, ఉప్పగా అనిపించే వాసన అప్పుడు బయటపడతాయి. అసలు మీ పెర్ఫ్యూమ్ ఏమిటో అప్పుడే తెలుస్తుంది.

ఇక ఎక్కువసేపు నిలవాలంటే, స్నానం చేసి ఒళ్లు పూర్తిగా ఆరాక వాసన లేని లోషన్ కొంచెం రాసి దానిమీద కొట్టండి, పొడిబారిన చర్మం మీద త్వరగా పోతుంది. మణికట్లు రెండూ రుద్దకండి, అందరూ చేసే పనే గానీ రుద్దితే వేడి పుట్టి పైన ఉన్న నిమ్మ ఇంకా తొందరగా పోతుంది. బట్ట మీద ఒంటి మీద కంటే ఎక్కువసేపు ఉంటుంది, కాటన్ అయితే మరీ మంచిది. అన్నిటికంటే సులువైనది, అయిదు మిల్లీలీటర్ల చిన్న స్ప్రే సీసా ఒకటి కొని అందులో కొంచెం పోసి హ్యాండ్‌బ్యాగులో పడేసుకోవడం. మధ్యాహ్నం భోజనం అయ్యాక మళ్లీ ఒకసారి. పొద్దున్నే పది సార్లు కొట్టుకుని లిఫ్టులో అందరికీ తలనొప్పి తెప్పించడం కంటే ఇది ఎంతో మర్యాద.

ఓ ద తువాలెట్ బదులు ఓ ద పర్ఫమ్ కొంటే సరిపోతుంది కదా అని చాలామంది అంటారు. మొదటి దానిలో సుగంధ నూనెలు సుమారు 5 నుంచి 15 శాతం, రెండో దానిలో 15 నుంచి 20 దాకా, మామూలు కొలోన్‌లో 2 నుంచి 5 వరకు ఉంటాయి, నిజమే. కానీ ఒకే పేరుతో వచ్చే ఓ ద పర్ఫమ్‌లో చాలాసార్లు పెరిగేది అడుగు వాసనే, నిమ్మ కాదు. కొన్నిటిలో వాసనే మారిపోతుంది. మీకు నచ్చింది ఆ మొదటి అరగంట అయితే పల్చటిదే కొనండి, రెండుసార్లు కొట్టుకోండి.

అయినా మనసు ఊరుకోకపోతే అట్టపెట్టె అడుగున, సీసా అడుగున ఉన్న బ్యాచ్ కోడ్ ఒకటేనా కాదా చూసుకోండి. వేర్వేరుగా ఉంటే అప్పుడు అనుమానించవచ్చు.

ప్రశ్న: నేను పుట్టి పెరిగింది సముద్రం పక్కనే. ఈ మెరైన్ సెంట్లు ఏవి కొట్టి చూసినా మా సముద్రం వాసన రాదు. ఇవి ఏ సముద్రం నుంచి తీస్తారు? అసలు ఉప్పునీళ్లు వేస్తారా?
(కాకినాడ పాఠకుడు)

జవాబు: ఏ సముద్రం నుంచీ తీయరండి. ఉప్పుకు వాసనే లేదు, ఇంట్లో ఉప్పు జాడీ మూత తీసి చూడండి. మనం సముద్రపు వాసన అనుకునేది ఎక్కువగా ఆ నీళ్లలో బతికే వాటి వాసన. కంటికి కనపడనంత చిన్న ప్లవకాలు, నాచు తమలో ఒక పదార్థాన్ని దాచుకుంటాయి, అవి చనిపోయినప్పుడు బ్యాక్టీరియా దాన్ని విడగొడితే డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధకపు వాయువు వస్తుంది. లేశమాత్రంగా ఉంటే హాయిగా సముద్రపు గాలి, కొంచెం ఎక్కువైతే ఉడికించిన క్యాబేజీ. దానికి తోడు మన తీరంలో ఎండుచేపలు, తడి వలలు, బురద, పడవ ఇంజిన్ల డీజిల్. మీరు పెరిగిన వాసన అది. దాన్ని ఉన్నదున్నట్టు సీసాలో పోస్తే మీరు, నేను తప్ప ఎవరూ కొనరు.

సీసాలో ఉండే సముద్రం కథ ప్రయోగశాలలో మొదలైంది. 1966లో అమెరికా మందుల కంపెనీ ఫైజర్‌లో రసాయన శాస్త్రవేత్తలు ఒక కొత్త పదార్థం తయారుచేశారు. పుచ్చకాయ కోసినప్పుడు వచ్చే పచ్చి, చల్లటి వాసన, దాని వెనక ఒడ్డు గాలి లాంటిది ఏదో. దానికి కాలోన్ అని పేరు, పైన చెప్పిన కొలోన్ వేరు, ఇది వేరు. దాదాపు ఇరవై ఏళ్లు పెర్ఫ్యూమ్‌ల వాళ్లు దాన్ని పెద్దగా వాడలేదు. 1988లో అరామిస్ వాళ్ల న్యూ వెస్ట్‌లో గట్టిగా వాడారు, 1992లో ఇస్సే మియాకే పేరుతో వచ్చిన లో దిస్సే, 1996లో అర్మానీ మగవాళ్ల అక్వా ది జియో వచ్చాక ఇక ప్రపంచం నిండా అదే వాసన. అక్వా ది జియో వెనక ఉన్నది సిసిలీకి, ట్యునీసియాకి మధ్య ఉన్న పాంటెల్లేరియా అనే చిన్న దీవి, ఇటలీ ఫ్యాషన్ డిజైనర్ అర్మానీ సెలవులకు వెళ్తూ వచ్చిన చోటు. రాళ్ల తీరం, లోతైన నీలం నీళ్లు, ఒడ్డున ఎండ, తోటల్లో నిమ్మచెట్లు. మీకు కాకినాడ కనపడకపోవడం అందుకే, అది మధ్యధరా సముద్రం సెలవుల ఊహ, బంగాళాఖాతం కాదు.

ఇంకో పదార్థం పేరు కూడా చెప్పాలి, డైహైడ్రోమిర్సినాల్. నిమ్మ, లావెండర్ కలిసినట్టు, ఉతికి ఆరేసిన బట్టలా శుభ్రంగా ఉంటుంది. 1988లో పియర్ బూర్దోన్ తయారుచేసిన డేవిడాఫ్ కూల్ వాటర్‌లో దాన్ని పుష్కలంగా వాడారు, బట్టల పౌడర్లలోనూ సబ్బుల్లోనూ కూడా అది ఉంటుంది. చాలామంది ఈ రకం సెంటు కొట్టుకోగానే సబ్బు వాసన, రూమ్ ఫ్రెషనర్ వాసన అంటారు కదా, తప్పేం లేదు, రెండింట్లోనూ ఉన్నది అదే.

నా అభిప్రాయం అడిగితే, కాలోన్ ఎక్కువైన సెంట్లు మన వేడికి పనికిరావు. ఏసీ షోరూమ్‌లో బాగానే ఉంటాయి, ఎండలోకి రాగానే పండిపోయిన పుచ్చకాయలా తియ్యగా, ఇనుము నాకినట్టుగా మారతాయి, నాకు వెంటనే తల పట్టేస్తుంది. సముద్రాన్ని కాస్త సూచనగా వదిలేసి, నాచు సారంతోనో చెక్క వాసనతోనో ఉప్పదనాన్ని గుర్తుచేసేవి చాలా మేలు. షాపులో అడిగేటప్పుడు పుచ్చకాయ వాసన లేని ఆక్వాటిక్ చూపించమని అడగండి, పని తెలిసిన సేల్స్‌మన్ అయితే వెంటనే అర్థం చేసుకుంటాడు.

ప్రశ్న: ప్రతి పెర్ఫ్యూమ్ డబ్బా మీదా బెర్గమాట్ అని రాస్తున్నారు. అది మన నారదబ్బేనా? అయితే మా పెరట్లో చెట్టు ఉంది, ఇంట్లోనే చేసుకోవచ్చా?
(తెనాలి నుంచి)

జవాబు: దగ్గరి చుట్టమే గానీ అదే కాదు. చేదు నారింజ, నిమ్మ జాతుల కలయికతో పుట్టిన పండు బెర్గమాట్. ఇటలీ బూటు ఆకారంలో ఉంటుంది కదా, ఆ బూటు మునివేళ్ల దగ్గర కలాబ్రియా ప్రాంతంలో, రెజ్జో కలాబ్రియా చుట్టుపక్కల సన్నటి సముద్రతీరపు పట్టీలో పండుతుంది. ప్రపంచంలో దొరికే బెర్గమాట్ నూనెలో అత్యధిక భాగం అక్కడిదే. వేరే చోట్ల నాటినా ఆ నాణ్యత రాదని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. శీతాకాలంలో కోస్తారు, తొక్క నుంచి నూనె పిండుతారు, కిలో నూనెకు దాదాపు 200 కిలోల పండ్లు కావాలి. యంత్రాలు రాకముందు తొక్కను చేత్తో స్పాంజికి అదిమి, స్పాంజి తడిసాక గిన్నెలోకి పిండేవాళ్లు. ఎర్ల్ గ్రే టీ తాగి ఉంటే ఆ వాసన మీకు ముందే తెలుసు.

పెర్ఫ్యూమ్‌ల వాళ్లకు అదంటే ఎందుకంత మోజంటే, మామూలు నిమ్మలా కేవలం పుల్లగా ఉండదు. లినలైల్ ఎసిటేట్ అనే పదార్థం అందులో చాలా ఉంటుంది, లావెండర్‌లో ఉండేదే, దానివల్ల కొంచెం పూల వాసన, కొంచెం చేదు, గట్టిగా కాచిన టీ లాంటి ఛాయ వస్తాయి. కింద ఉన్న పూలతో, చెక్కతో అతుకు తెలియకుండా కలిసిపోతుంది.

మీ పెరటి చెట్టు సంగతి. మజ్జిగలో ఆకు తుంచి వేసుకోండి, పచ్చడి పెట్టుకోండి. తొక్క నూనె పిండి స్పిరిట్‌లో కలిపి ఒంటికి రాసుకోవడం మాత్రం వద్దు. ఎందుకో కింద వచ్చిన ఉత్తరం చదవండి, మీకూ పనికొస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్నెట్‌లో చూసి నిమ్మ నూనె, కొబ్బరి నూనె కలిపి మెడకు రాసుకుని స్కూటీ మీద కాలేజీకి వెళ్లింది. రెండు రోజులకు మెడ మీద ధారలు కారినట్టు నల్లటి మచ్చలు. సెంట్లన్నీ ఇంతేనా? ఇక ఏదీ కొట్టుకోనివ్వొద్దా?
(కరీంనగర్ నుంచి ఒక తల్లి)

జవాబు: ముందు చర్మం డాక్టర్‌కు చూపించండమ్మా. మచ్చలు మామూలుగా నెమ్మదిగా తగ్గుతాయి, వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. ఈలోగా ఎండ తగలనివ్వకండి, ఇంట్లో చిట్కాలు రాయకండి, ముఖ్యంగా మచ్చలు పోవాలని నిమ్మరసం అసలు రాయకండి.

జరిగింది ఏమిటంటే, చేత్తో గానీ మరలో గానీ పిండి తీసిన నిమ్మ, బెర్గమాట్ తొక్క నూనెల్లో బెర్గాప్టెన్ లాంటి కొన్ని పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే చర్మం కాలినట్టు అవుతుంది, ఆ తర్వాత నల్లబడుతుంది. నూనె ఎక్కడెక్కడ కారిందో అక్కడక్కడే మచ్చ పడుతుంది, అందుకే ధారలుగా కనిపించింది. నిమ్మకాయలు పిండి చేతులు కడుక్కోకుండా ఎండలో కూర్చున్నా ఇలాగే అవుతుంది. పాతకాలంలో కొలోన్‌లు మెడకు దండిగా రాసుకునే ఆడవాళ్లలో ఈ మచ్చలు మామూలుగా కనపడేవి.

ఇప్పుడు పేరున్న కంపెనీలు బెర్గాప్టెన్ తీసేసిన బెర్గమాట్ నూనె వాడతాయి, లేదా హద్దులో వాడతాయి. దీనికి అంతర్జాతీయ సుగంధ సంఘం, ఇఫ్రా, పరిమితులు పెట్టింది. ఆవిరి పట్టి తీసిన నిమ్మ నూనెలో ఈ గొడవ ఉండదు, తియ్య నారింజ నూనెలోనూ దాదాపు ఉండదు. కాబట్టి దుకాణంలో కొన్న సెంటు వేరు, ఇంట్లో కలిపింది వేరు. అమ్మాయిని సెంటు కొట్టుకోనివ్వండి. కాకపోతే మచ్చ పూర్తిగా తగ్గేదాకా మెడ మీద వద్దు, ఆ తర్వాత కూడా ఎండలోకి వెళ్లే రోజు బట్ట మీదే కొట్టుకోమనండి.

అలాగే డబ్బా వెనక లిమోనిన్, సిట్రల్, లినలూల్ అని రాసి ఉంటే కల్తీ అనుకోవద్దు. అవి నిమ్మ నూనెలో సహజంగా ఉండేవే, కొంతమందికి పడవు కాబట్టి యూరప్‌లో వాటి పేర్లు రాసి తీరాలని నిబంధన. మీ అమ్మాయికి దురద, దద్దుర్లు వచ్చే తత్వం ఉంటే మోచేతి మడతలో ఒక్క చుక్క రాసి మర్నాటిదాకా చూసి అప్పుడు వాడమనండి.

ప్రశ్న: ఇవి మగవాళ్ల సెంట్లా, ఆడవాళ్లవా? మా ఆయనది నేను కొట్టుకుంటే మా అత్తగారు నవ్వుతున్నారు.
(నిజామాబాద్ నుంచి)

జవాబు: మీకు నచ్చితే మీదే. ఈ రకానికి మూలపురుషుడైన కొలోన్‌ను ఇటలీ నుంచి జర్మనీ వెళ్లిన యొహాన్ మరియా ఫరీనా 18వ శతాబ్దం మొదట్లో కొలోన్ నగరంలో అమ్మకానికి పెట్టినప్పుడు ఆడా మగా తేడా లేకుండా కొన్నారు. ఆ దుకాణం పుట్టిన ఏడాది 1709, ఆ కుటుంబం ఇప్పటికీ నడుపుతోంది. 1994లో కాల్విన్ క్లైన్ వాళ్లు సీకే వన్ ఇద్దరికీ అనే చెప్పి అమ్మారు. మగవాళ్లది, ఆడవాళ్లది అనేది డబ్బా రంగు మీద ఎక్కువ, లోపలి నీళ్ల మీద తక్కువ. మీ అత్తగారికి కూడా ఒకసారి కొట్టి చూడండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటున్నాను. బడ్జెట్ వెయ్యి లోపు. మంచి సిట్రస్ పెర్ఫ్యూమ్ ఎలా కొనాలి? పెద్ద బ్రాండ్ల కాపీలు తీసుకోవచ్చా?
(డిగ్రీ విద్యార్థి)

జవాబు: వెయ్యి రూపాయల్లో నిమ్మ వాసన బాగా దొరుకుతుంది బాబూ, ఎందుకంటే నారింజ, నిమ్మ నూనెలు పూల నూనెలతో పోలిస్తే చాలా చవక. జ్యూస్ తీశాక మిగిలిన తొక్క నుంచే వస్తాయి. తక్కువ ధర దెబ్బ కొట్టేది మొదటి పది నిమిషాల్లో కాదు, అడుగున. అందుకే పరీక్ష అక్కడ పెట్టాలి.

షాపుకు వెళ్లే రోజు ఏమీ కొట్టుకోకుండా వెళ్లు. కాగితపు ముక్క మీద కొట్టి వాసన చూపిస్తారు, అది మొదటి వడపోతకు మాత్రమే. నచ్చినవి రెండు, ఒక్కో చేతికి ఒక్కటి కొట్టించుకుని, ఏమీ కొనకుండా బయటికి వచ్చేయ్. ఎండలో నడువు, టీ తాగు, బస్సెక్కు. గంటన్నర తర్వాత చేతి మీద ఏది మిగిలిందో అది నీకు నచ్చితేనే మళ్లీ వెళ్లి కొను. ప్లాస్టిక్ కాలినట్టో, మరీ తియ్యగానో, గొంతులో గరగరలాడేలాగానో ఉంటే వదిలెయ్. షాపులో కాఫీ గింజలు వాసన చూడమంటారు, దానికంటే బయటికి వచ్చి మామూలు గాలి పీల్చుకోవడం, లేదా నీ చొక్కా చేతి మడత వాసన చూసుకోవడం నయం.

ఫలానా దానికి ప్రేరణ అని నిజాయితీగా రాసి, సొంత పేరుతో అమ్మేవి తీసుకోవచ్చు, కొన్ని బాగానే ఉంటాయి. పెద్ద బ్రాండ్ పేరు, సీసా, లేబుల్ యథాతథంగా దొంగిలించి ఫుట్‌పాత్ మీద అమ్మేవి మాత్రం వద్దు. లోపల ఏ స్పిరిట్ పోశారో ఎవరికీ తెలియదు, రాసుకునేది నీ ఒంటికి.

నన్నడిగితే ఇంకో దారి ఉంది. ఒక చవక నిమ్మ కొలోన్, ఒక చిన్న సీసా ఖస్ అత్తరు కొనుక్కో. ఖస్ అంటే మన వట్టివేళ్లే. మీ తాతయ్య వాళ్లు ఎండాకాలం కిటికీలకు తడికలు కట్టి నీళ్లు చల్లేవాళ్లు కదా, ఆ వాసన. పాతబస్తీ అత్తరు దుకాణాల్లో, చార్మినార్ చుట్టుపక్కల, దొరుకుతుంది. ఉత్తరప్రదేశ్‌లో కన్నౌజ్‌లో వట్టివేళ్లను డేగ్ అనే పెద్ద రాగి పాత్రల్లో ఉడికించి ఆవిరి పట్టి తీస్తారు, అసలైన రూహ్ ఖస్‌కు ఆ రాగి వల్లే ఆకుపచ్చ రంగు వస్తుంది. అది నీ బడ్జెట్‌లో ఎక్కువ రాదు, మామూలు ఖస్ అత్తరు చాలు. మణికట్టుకు గింజంత రాసి, చొక్కా మీద నిమ్మ కొలోన్ కొట్టు. నిమ్మ పోయాక కింద మట్టి, వేళ్ల చల్లదనం నిలుస్తుంది. పెద్ద పెర్ఫ్యూమర్లు చేసేది కూడా ఇదే, జాన్ క్లోద్ ఎల్లెనా 2006లో చేసిన తేర్ దెర్మెస్‌లో పైన నారింజ, అడుగున వట్టివేళ్లు.

ప్రశ్న: తెలిసినాయన ఒకరు అసలు సిసలు అంబర్‌గ్రిస్ అత్తరు ఇప్పిస్తానంటున్నారు. సముద్రపు సెంట్లలో రాజు అంటున్నారు. చాలా డబ్బు అడుగుతున్నారు. కొనవచ్చా?
(నెల్లూరు పాఠకుడు)

జవాబు: వద్దు. స్పెర్మ్ తిమింగలం పేగుల్లో తయారై, సముద్రంలో ఏళ్ల తరబడి తేలి ఒడ్డుకు కొట్టుకొచ్చే ముద్ద అది. నిజమే, ఒకప్పుడు చాలా గొప్ప పెర్ఫ్యూమ్‌లలో వాడేవాళ్లు. కానీ మన దేశంలో ఆ తిమింగలానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, అంబర్‌గ్రిస్ అమ్మినా కొన్నా కేసులు పెడుతున్నారు. నిజమైనదైతే జైలు, అబద్ధమైతే డబ్బు పోయినట్టు. ఇప్పుడు దాని బదులు చాలా సెంట్లలో వాడేది ఆంబ్రాక్సాన్, క్లేరీ సేజ్ అనే మొక్క నుంచి తీసిన పదార్థంతో తయారుచేస్తారు. ఆ ఉప్పగా, వెచ్చగా, ఎండలో ఆరిన చర్మంలా ఉండే వాసన మీకు కావాలంటే చట్టం ఒప్పుకునే సీసాలోనే దొరుకుతుంది.

ప్రశ్న: కారులో పెట్టిన పెర్ఫ్యూమ్ రంగు మారి టర్పెంటైన్ వాసన వస్తోంది. వాడొచ్చా?
(విజయవాడ)

జవాబు: ఒంటికి వద్దు. లిమోనిన్ వేడికి, గాలికి పాడైతే చర్మానికి పడని పదార్థాలుగా మారుతుంది, దద్దుర్లు వస్తాయి. నిమ్మజాతి సెంట్లు అన్నిటికంటే ముందు పాడయ్యేవి, కాబట్టి బీరువాలో, అట్టపెట్టెలోనే ఉంచండి. బాత్రూమ్ అద్దం దగ్గర వద్దు. ఇక ఎండలో ఆపిన కారులో అసలు పెట్టకండి, సీసాలో ఎక్కువ భాగం ఆల్కహాలే, మంటలు అంటుకునే వస్తువు. ఫ్రిజ్ తలుపులో పెట్టుకోవచ్చు, చెడిపోదు, కొట్టుకున్నప్పుడు చల్లగా హాయిగా కూడా ఉంటుంది.

ప్రశ్న: మే నెలలో మా చెల్లి పెళ్లి, పగటి ముహూర్తం. పట్టుచీర, తల్లో మల్లెపూలు. సిట్రస్ పెర్ఫ్యూమ్ కొట్టుకుంటే బాగుంటుందా, లేక రెండూ కలిసి గందరగోళం అవుతుందా?
(రాజమండ్రి నుంచి ఒక అక్క)

జవాబు: మీరు అడిగింది చాలా ముఖ్యమైన సంగతి, సెంట్లు అమ్మేవాళ్లు మన తల్లో పూలను లెక్కలోకి తీసుకోరు. మూరెడు మల్లెలు పెట్టుకున్న మనిషికి అప్పటికే ఒక పెర్ఫ్యూమ్ ఉన్నట్టు లెక్క. దానిమీద పుచ్చకాయ వాసన ఉన్న ఆక్వాటిక్ కొడితే రెండూ కొట్టుకుంటాయి, మల్లె మరీ బరువుగా, ఆక్వాటిక్ మరీ ప్లాస్టిక్‌గా అనిపిస్తాయి.

కలిసేది ఒకటి ఉంది, నెరోలీ. చేదు నారింజ పూల నుంచి ఆవిరి పట్టి తీసే నూనె అది. మల్లెజాతి పూలలో ఉండే ఇండోల్, మిథైల్ ఆంథ్రనిలేట్ లాంటి కొన్ని పదార్థాలు నారింజ పూలలోనూ ఉంటాయి, అందుకే ఒకదాని పక్కన ఒకటి ఇమిడిపోతాయి. కాబట్టి సముద్రం తక్కువ, నారింజ పూలు ఎక్కువ ఉన్న పల్చటి కొలోన్ చూసుకోండి. పాతకాలపు తరహా కొలోన్లు, 4711 లాంటివి, ఇందుకు సరిగ్గా సరిపోతాయి, ధర కూడా భయపెట్టదు.

పట్టు మీద మాత్రం చుక్క కూడా పడనివ్వకండి, ఆల్కహాల్‌కు మరక పడుతుంది, జరీ నల్లబడే ప్రమాదం ఉంది. స్నానం అయ్యాక, చీర కట్టుకోకముందే, మోచేతుల లోపల, మోకాళ్ల వెనక కొట్టి బాగా ఆరనివ్వండి. మెడ మీద వద్దు, నగలకూ మంచిది కాదు, పగటి ఎండ కూడా. ముహూర్తం అయ్యాక భోజనాల వేళకు ఎలాగూ అది పోయి ఉంటుంది, ఒక చేతిరుమాలు మీద కొట్టి ముందే హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి, చెమట తుడుచుకున్నప్పుడల్లా వస్తుంది. పూలు మాత్రం పొద్దున్నే పెట్టినవి మధ్యాహ్నానికి వాడిపోతాయి, ఇంకో మూర తడిగుడ్డలో చుట్టి ఉంచమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి.